స్టీరింగ్ అసెంబ్లీ మార్చమన్నారు, టంకం పెట్టించాను: మూడేళ్ల తర్వాత

కారు పవర్ స్టీరింగ్ బాగు చేయించి మూడేళ్లు దాటింది. అప్పట్లో కనబడినవాళ్లందరికీ చెప్పిన గొప్పల్లో కొన్ని ఇప్పుడు సవరించుకోవాలి గానీ, ఆ అగరొత్తి పుల్ల సంగతి మాత్రం ఇంకా మర్చిపోలేదు.

మాది 2013 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. స్టీరింగ్ కాలమ్‌కే, అంటే చక్రం కింది కడ్డీకే, తిప్పడానికి సాయపడే మోటార్ తగిలించిన రకం. దీని రోగం విచిత్రం. పొద్దున్నే విశాఖ ఎంవీపీ కాలనీలో తీస్తే వెన్నలా తిరిగేది. మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో నిలబెట్టి తీశామా, హనుమంతవాక మలుపు దగ్గర పసుపు లైటు వెలిగి స్టీరింగ్ రుబ్బురోలు అయిపోయేది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు మామూలే. ఒకసారి సింహాచలం కొండ దిగుతుంటే ఇదే వరస. మోటార్ మానేసినా స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య కడ్డీ ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, భుజాలే పోతాయి. కిందికి వచ్చాక మా ఆవిడ "దీన్ని బాగు చేయించేదాకా నేనెక్కను" అని ఆటో పిలిచింది.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, కోడ్ చూసి, కాలమ్ అసెంబ్లీ మొత్తం మార్చాలన్నారు. లేబర్‌తో కలిపి 41 వేలు. మోటార్‌ని నడిపే బోర్డు ఒక్కటే మార్చరా అంటే విడిగా రాదన్నారు. అబద్ధమని అనను. కానీ నా మంట డబ్బు గురించి కాదు. ఆ బోర్డు ఉండే డబ్బా విప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. తేడా ఏ వైపు ఉందో కోడ్ చెబుతుంది. పోయింది వైరా, కనెక్టరా, బోర్డా అన్నది మనిషే వెతకాలి కదా.

డాబాగార్డెన్స్ వైపు ఒక సందులో ఇన్వర్టర్ బోర్డులు బాగుచేసే పెద్దాయన ఉన్నాడని తమ్ముడు చెప్పాడు. ఆయన ముందు బ్యాటరీ వోల్టేజీ చూశాడు, తర్వాత ఎర్త్ వైరు. బ్యాటరీ నీరసిస్తే కూడా ఇదే లైటు వస్తుందట. రెండూ బాగానే ఉన్నాయి. ఆ డబ్బా, అదే కంట్రోలర్, ఊడదీస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. "ఏటి బాబూ, సముద్రం దగ్గరేటి ఇల్లు?" అన్నాడు. బోర్డు మీద మాత్రం నాకేమీ కనబడలేదు, కొత్తదానిలాగే ఉంది. మీటర్ ముల్లులు రెండు చోట్ల ఆనిస్తే కుయ్యిమంది, అంటే ఆ రెండిటి మధ్య కరెంటు దారి కలిసే ఉందని. పక్కనే దేవుడి పటం దగ్గర ఆరిపోయిన అగరొత్తి పుల్ల తీసి, మోటార్‌కి కరెంటు కలిపి తెంచే చిన్న స్విచ్చు డబ్బా, దాన్నే రిలే అంటారు, దాని నెత్తి మీద మెల్లగా నొక్కాడు. కూత ఆగింది. వదిలాడు, మళ్లీ కూసింది. భూతద్దం చేతికిచ్చి చూడమన్నాడు. రిలే కాలు చుట్టూ టంకంలో వెంట్రుకవాసి పగులు, గుండ్రంగా. బరువైన రిలే, కింద నుంచి గోతుల అదురు, మోటార్‌కి వెళ్లే కరెంటు వేడి. వేడెక్కితే పగులు విచ్చుకుంటుంది, చల్లబడితే అతుక్కుంటుంది. నా మధ్యాహ్నాల రహస్యం అదీ!

కొత్త రిలే వేసి, పెద్ద కాళ్లన్నిటికీ టంకం మళ్లీ పెట్టి, పిన్నులు తుడిచి, తేమ పట్టకుండా పైన పూత పూశాడు. 4,500 తీసుకున్నాడు.

"41 వేల పని 4,500కి" అని చాలాకాలం చెప్పుకు తిరిగాను. లెక్క పూర్తిగా అది కాదు. బిగించాక స్టీరింగ్ కొంచెం ఎడమకి లాగేది. మనం ఎంత బలంతో తిప్పుతున్నామో పసిగట్టే టార్క్ సెన్సార్‌కి సున్నా ఎక్కడో మళ్లీ నేర్పించాలి. ఆ స్కానర్ పెద్దాయన దగ్గర లేదు. గాజువాక ఆటోనగర్‌లో ఇంకొకరి చేత చేయిస్తే 800, పైగా అరపూట సెలవు. రెండో వానాకాలంలో మళ్లీ లైటు వెలిగి గుండె ఝల్లుమంది. ఆసారి నిజంగా బ్యాటరీయే. స్పీడ్ బ్రేకర్ల మీద కాలమ్‌లోంచి వచ్చే టక్ టక్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది లోపల అరిగిన భాగాల గోల, టంకంతో పోయేది కాదు. బిల్లు, గ్యారంటీ అడిగితే పెద్దాయన నవ్వాడు.

అయినా ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది రిపేరు వల్ల కాదు, చేయనన్న పని వల్ల. నిరుడు హారన్ పలకడం మానేసి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. స్టీరింగ్ వెనక చుట్టుకుని ఉండే రిబ్బన్ కేబుల్ తెగింది. అతికించమని నేనే అడిగాను. "ఎయిర్‌బ్యాగ్ పేలాల్సింది దీని మీదే బాబూ, కొత్తది ఏయించుకో" అని పంపేశాడు. కొత్తదే వేయించాను.

నా బండి పాతది, రోజుకి ఇరవై కిలోమీటర్లు ఊళ్లోనే తిరుగుతుంది, దారిలో లైటు వెలిగినా పక్కకి ఆపుకోగలను. అందుకే నాకు ఇది సరిపోయింది. వారం వారం అరకు ఘాట్ ఎక్కేవాడినైతే ఏం చేసేవాడినో. పోయిన నెల మా బావ కారుకీ ఇదే లైటు వచ్చింది, పెద్దాయన అడ్రస్ ఇమ్మన్నాడు. అతని బండికి ఇంకా ఏడాది వారంటీ ఉంది. డబ్బా విప్పనీయకుండా ముందు షోరూమ్‌కి వెళ్లమన్నాను.