విండ్ రివర్ కొండల్లో ఐదు రాత్రులు: అద్దె టెంట్, తడిసిన జీన్స్, గోంగూర డబ్బా

మా బావమరిది డాలస్ నుంచి వచ్చి డెన్వర్‌లో దిగినప్పుడు ఒంటి మీద ఒక జీన్స్, సంచిలో ఇంకో రెండు. “కౌబాయ్‌ల రాష్ట్రానికి పోతూ జీన్స్ కాకపోతే పంచె కట్టుకోమంటావా బావా?” అన్నాడు. వాడి అక్క నా వైపు చూసింది. నేను కారు డిక్కీ వైపు చూశాను. ఆగస్టు ఆఖరి వారం అది. వయోమింగ్‌లోని విండ్ రివర్ కొండల్లో రెండు రాత్రులు టెంట్‌లో, మిగతా మూడు దారిలో అక్కడా ఇక్కడా పడుకోవాలని మా ప్లాన్.

ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ వదిలేసి ఇక్కడికే ఎందుకంటే, ఆ పార్కుల్లో లోపలికి నడిచి వెళ్ళి రాత్రి ఉండాలంటే పర్మిట్ తీసుకోవాలి, మంచి చోట్లు ముందే అయిపోతాయి. విండ్ రివర్‌లో బ్రిడ్జర్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవి వైపు మాలాంటి చిన్న గుంపుకి పర్మిట్ అక్కర్లేదు. సెలవు దొరికితే బయల్దేరడమే. మాలా చివరి నిమిషంలో సర్దుకునేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

సామాన్లలో సగం సొంతం, సగం అద్దె. టెంట్‌ని డెన్వర్‌లో ఒక అద్దె షాపులో తీసుకున్నాం. పేరు చెప్పను గానీ, మీరు ఎక్కడ తీసుకున్నా సరే, షాపు ముందే ఒకసారి వేసి చూడండి. మేము చూడలేదు. మాకిచ్చిన టెంట్‌కి ఒక కడ్డీ పగిలి టేపు చుట్టి ఉంది, మేకులు ఎనిమిదికి ఐదే ఉన్నాయి, వానకి పైన కప్పే గుడ్డ కుట్ల దగ్గర పొర ఊడి వస్తోంది. ఎలుగుబంట్లకి అందకుండా తిండి దాచుకునే గట్టి ప్లాస్టిక్ డబ్బా మాత్రం వేరే షాపులో తీసుకున్నాం, అది కొత్తదానిలా ఉంది. ఎలుగుబంటి మీదకొస్తే చల్లే బేర్ స్ప్రే, గ్యాస్ డబ్బా విమానంలో తీసుకెళ్ళనివ్వరు. దూరం నుంచి వచ్చేవాళ్ళు వాటిని దిగాకే కొనుక్కోవాలి.

మొదటి రాత్రి పైన్‌డేల్‌లో మోటెల్. 170 డాలర్లు పెడితే సిగరెట్ వాసన, రాత్రంతా లారీ స్టార్ట్ చేసినట్టు మోగే హీటర్ దొరికాయి. ఊరు మాత్రం బాగుంది. మౌంటెన్ మ్యాన్ మ్యూజియంలో గంట గడుపుదామని వెళ్ళి మూడు గంటలున్నాం. 1830లలో బీవర్ అనే నీటి జంతువు తోళ్ళ కోసం ఈ కొండల్లో తిరిగిన వేటగాళ్ళ చరిత్రంతా అక్కడుంది. ఆ తోళ్ళు యూరప్‌లో టోపీలయ్యేవి. ఏటా వేసవిలో వేటగాళ్ళు, వ్యాపారులు, ఆదివాసులు ఒకచోట కలిసి సంత పెట్టేవారు. ఈ చుట్టుపక్కలే గ్రీన్ రివర్ ఒడ్డున చాలాసార్లు జరిగిన ఆ సంత 1840తో ఆగిపోయింది. ఫ్యాషన్ పట్టు టోపీల వైపు తిరిగింది, బీవర్లూ తగ్గిపోయాయి. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం వాళ్ళ బట్టల సంగతి. నీళ్ళలో దిగి బోనులు పెడితే తోలు ప్యాంటు తడిసి, ఆరాక బిగుసుకుపోతుంది. అందుకని మోకాళ్ళ కింది భాగం కోసేసి దుప్పటి ఉన్ని కుట్టుకునేవారట. ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. దాదాపు 200 ఏళ్ళ కిందట వాళ్ళు చేసిన పనే ఇప్పుడు మనం మెరినో ఉన్ని మేజోళ్ళ పేరుతో జత 25 డాలర్లకి కొంటున్నాం.

“మరి కౌబాయ్‌లు జీన్సే కదా వేసుకునేది?” అని బావమరిది వదల్లేదు. నిజమే, ఊళ్ళో చూసినవాళ్ళంతా అవే వేసుకున్నారు. రాగి రివెట్లు కొట్టిన పని ప్యాంటుకి జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ కలిసి పేటెంట్ తీసుకున్నది 1873లో. 1947లో వచ్చిన రాంగ్లర్ కంపెనీ కౌబాయ్ ప్యాంటుకి జీను గీరుకుపోకుండా రివెట్లు చదునుగా చేశారు. గుర్రం మీద కూర్చునేవాడికి, ముళ్ళకంచె బాగుచేసేవాడికి అంతకంటే గట్టి గుడ్డ లేదు. కానీ అతను సాయంత్రానికి ఇల్లు చేరి పొయ్యి పక్కన ఆరేసుకుంటాడు. మనకి ఆ పొయ్యి ఉండదు.

రెండో రాత్రి ఊరికి దగ్గర్లోనే ఫ్రీమాంట్ లేక్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. మోటెల్‌తో పోలిస్తే చిల్లర డబ్బులు. సుమారు 600 అడుగుల లోతున్న సరస్సు, పక్కనే కారు, పిక్నిక్ బల్ల, మరుగుదొడ్డి. 7,400 అడుగుల ఎత్తులో ఒక రాత్రి పడుకుంటే మర్నాడు పైకెక్కినప్పుడు తలనొప్పి తగ్గుతుంది. టెంట్ బాగోతం బయటపడింది కూడా ఇక్కడే. పైన్‌డేల్‌లో మేకులు, కుట్లకి పూసే జిగురు కొనుక్కొచ్చి సాయంత్రమంతా మరమ్మతు చేశాం. పిల్లలున్నవాళ్ళు ఇక్కడే రెండు రోజులుండి తిరిగి వెళ్ళిపోయినా తప్పులేదు.

బిగ్ శాండీ దగ్గర నడక మొదలవుతుంది. అక్కడికి వెళ్ళే దారి చివర్లో చాలా మైళ్ళు మట్టిరోడ్డే. దారికి అడ్డంగా ఆవులు నిలబడి హారన్ కొట్టినా మనవైపు జాలిగా చూస్తాయి. మామూలు కారు వెళ్తుంది గానీ నిదానంగా పోవాలి. కార్లు నిలిపే చోటు నిండిపోయి రోడ్డు వెంబడి చాలా దూరం బారులు తీరాయి. నిర్మానుష్యంగా ఉంటుందనుకుని రావద్దు. నడక మాత్రం సుఖం. ఏటి పక్కనే సుమారు ఆరు మైళ్ళు, పెద్దగా ఎత్తెక్కకుండానే 9,700 అడుగుల దగ్గరున్న బిగ్ శాండీ లేక్ వస్తుంది. నీటికి 200 అడుగుల దూరంలో టెంట్ వేసుకోవాలని నియమం.

ఆ రాత్రి చలి గురించి కాస్త వివరంగా చెప్పాలి, మేం డబ్బు తప్పుగా పెట్టింది అక్కడే. స్లీపింగ్ బ్యాగుల మీద 20 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు మైనస్ 7 సెల్సియస్) అని రాసుంది, బయట 28 (సుమారు మైనస్ 2). లెక్క ప్రకారం హాయిగా నిద్రపోవాలి. రాత్రి రెండు గంటలకి మా ఆవిడ వణుకుతూ లేచి కూర్చుంది. పెద్దగా రాసే ఆ అంకె చాలాసార్లు ముడుచుకుని పడుకుంటే ఎలాగో తట్టుకోగలిగే హద్దు, సుఖంగా పడుకునే అంకె కాదు. ఆ రెండో అంకె లోపలి చీటీ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, సుమారు పది డిగ్రీలు ఎక్కువగా. పైగా మన బరువుకి ఒంటి కిందున్న బాతు నూగు అణిగిపోతుంది, అది ఇక వెచ్చదనం ఇవ్వదు. నేల చలిని ఆపాల్సింది అడుగున వేసే చాప. దాని బలాన్ని ఆర్ వాల్యూ అనే అంకెతో చెబుతారు. మా అద్దె చాపలకి అది 2. ఇలాంటి చోట 4 అయినా ఉండాలని నా అనుభవం. మూడు చాపల్నీ అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పక్కపక్కగా సర్ది, ముగ్గురం అడ్డంగా పడుకుని తెల్లవార్చాం. నేను 300 డాలర్లు పెట్టి కొన్న జాకెట్ తలకింద దిండుగా పనికొచ్చింది. నీళ్ళ ఫిల్టర్‌నీ గ్యాస్ డబ్బానీ కూడా బ్యాగులో పెట్టుకుని పడుకోవాలి. తడిగా ఉన్న ఫిల్టర్ ఒకసారి గడ్డకడితే లోపలి గొట్టాలు పగులుతాయి, బయటికి ఏమీ తెలియదు.

తిండి విషయంలో మా ఆవిడ ముందే చెప్పింది, నేనే వినలేదు. పెసరపప్పు తెచ్చాను. ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకుమించి వేడెక్కవు. నలభై నిమిషాలు, సగం గ్యాస్ అయ్యాక బావమరిది ఒక పలుకు నోట్లో వేసుకుని, “బావా, ఇది పప్పేనా, ఏట్లోంచి ఏరావా?” అన్నాడు. కాపాడింది ఆవిడ తెచ్చినవే: ఇంట్లో వేయించి పోపు కలిపిన ఉప్మా రవ్వ, అటుకులు. మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూతపెడితే చాలు. షాపుల్లో పది, పదిహేను డాలర్లకి అమ్మే ఎండబెట్టిన భోజనం ప్యాకెట్లు మూడు తెచ్చాం. ఒకటి బాగుంది, రెండోది ఉప్పు కషాయం, మూడోది మాతోపాటే డెన్వర్ తిరిగొచ్చింది. గోంగూర పచ్చడి చిన్న సీసాలో తెచ్చాం. వాసనొచ్చేది ఏదైనా, టూత్‌పేస్టుతో సహా, రాత్రి ఆ గట్టి డబ్బాలో పెట్టి టెంట్‌కి దూరంగా ఉంచాలి. రెండో రాత్రి లోపల సీసా మూత వదులైంది.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి జాకాస్ పాస్ ఎక్కాం. మన మాటల్లో గాడిద కనుమ. సుమారు 10,800 అడుగులు. దారిలో బండరాళ్ళ మధ్య రెండుసార్లు తప్పిపోయాం. పైకి చేరాక కింద లోన్‌సమ్ లేక్, చుట్టూ అరచేయి నిటారుగా నిలబెట్టినట్టు పింగోరా, దాని పక్క శిఖరాలు. అరగంట ఎవరం మాట్లాడలేదు. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ ఉరుములు మామూలే కాబట్టి పదికల్లా దిగాలనుకున్నాం, ఫోటోల పిచ్చిలో పదకొండున్నరైంది. సగం దారిలో వడగళ్ళు. మా ఇద్దరి పల్చటి నైలాన్ ప్యాంట్లు గంటలో ఆరిపోయాయి. బావమరిది జీన్స్ ఆ రాత్రి కొమ్మ మీద బిగుసుకుపోయి, పొద్దున తీస్తే దానంతట అది నిలబడింది.

ఐదో రాత్రికి సౌత్ పాస్ మీదుగా లాండర్ చేరాం. పశ్చిమానికి బళ్ళు కట్టుకుని వెళ్ళిన లక్షల మంది కొండలు దాటింది ఈ సౌత్ పాస్ దగ్గరే. చూస్తే కనుమలా కాదు, మన మెట్ట పొలంలా ఉంటుంది. లాండర్‌లో ఊరి పార్కులో టెంట్ వేసుకోవచ్చు. మేం వెళ్ళినప్పుడు పైసా తీసుకోలేదు. గడ్డి, నీళ్ళు, పక్కనే ఏరు, కొండలెక్కే కుర్రాళ్ళ సందడి. మా 170 డాలర్ల మోటెల్ కంటే అన్ని విధాలా మేలు. దగ్గర్లోని సింక్స్ కాన్యన్‌లో నది ఒక గుహలోకి దూరి మాయమై, పావు మైలు కింద నిశ్శబ్దంగా పైకి తేలుతుంది. రంగు కలిపి చూస్తే ఆ కాస్త దూరానికి రెండు గంటలు పట్టిందట. నది పేరు రాసేది పోపో అగీ, పలికేది పొపోజ్యా. నేను తప్పుగా పలికితే కాఫీ కొట్టు అమ్మాయి ఓపిగ్గా మూడుసార్లు చెప్పించింది.

డెన్వర్‌లో టెంట్ తిరిగిస్తే, మేం కొత్త మేకులు వేసి జిగురు పూసిన దానికి మరక ఉందని అడ్వాన్సులో 20 డాలర్లు కోశారు. ఎలుగుబంటి డబ్బాని మాత్రం మూడుసార్లు సబ్బుతో కడిగి, భయపడుతూనే రెండో షాపుకి పట్టుకెళ్ళాం. కౌంటర్లో కుర్రాడు మూత తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఏమిటిదని అడిగితే బావమరిది గోంగూర స్పెల్లింగ్ చెప్పాడు, ఆ అబ్బాయి రాసుకున్నాడు. అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చారు.