ఎం.ఎస్సీ. నర్సింగా, ఎన్‌పీసీసీనా: ఏది మేలు?

బీఎస్సీ నర్సింగ్ ముగించి, నెల్లూరులోనో ఒంగోలులోనో ఏడాది డ్యూటీ చేసిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. మామూలు ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో చేరాలా, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ (ఎన్‌పీసీసీ, ఐసీయూ నర్సింగ్‌లో పీజీ) చేయాలా? రెండూ రెండేళ్లే. రెండింటికీ బీఎస్సీలో 55 శాతం మార్కులు, రిజిస్టర్ అయిన తర్వాత ఏడాది అనుభవం కావాలి. ఎన్‌పీసీసీకైతే ఆ అనుభవం ఐసీయూలో సంపాదించింది అయితే మంచిది. డిసర్టేషన్ (పరిశోధన చేసి రాసే థీసిస్) కూడా రెండింట్లోనూ ఉంది. కాగితం మీద ఇంతే. ఆ రెండేళ్లూ మీరు రోజుకు ఎన్ని గంటలు, ఎవరి మంచం పక్కన నిలబడతారన్న దగ్గరే అసలు తేడా.

ఎం.ఎస్సీ. మొదటి ఏడాదిలో నర్సింగ్ ఎడ్యుకేషన్, అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్, రీసెర్చ్-స్టాటిస్టిక్స్, మీరు ఎంచుకున్న స్పెషాలిటీ ఉంటాయి. రెండో ఏడాదిలో మేనేజ్‌మెంట్, స్పెషాలిటీ రెండో భాగం, డిసర్టేషన్. ఏళ్లుగా నడుస్తున్న ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) సిలబస్ ప్రకారం స్పెషాలిటీ ప్రాక్టికల్ మొదటి ఏడాది 650 గంటలు, రెండో ఏడాది 950 గంటలు. తక్కువేమీ కాదు. అయితే చాలా చోట్ల ఆ గంటలు ఉదయం పోస్టింగ్‌గా మొదలై కేర్ ప్లాన్ ఫైలుగా ముగుస్తాయి. ఎన్‌పీసీసీ రెసిడెన్సీ పద్ధతిలో, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూనే చదివేలా నడుస్తుంది. థియరీ 20 శాతం, మిగతా 80 శాతం క్లినికల్. నైట్లు తప్పవు. పాఠాలు కూడా అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్ చుట్టూ తిరుగుతాయి.

మన రెండు జిల్లాల ఐసీయూల్లో అందరికీ తెలిసిన కేసునే తీసుకోండి: పురుగుమందు తాగిన రైతు. అది ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు అయితే విరుగుడుగా అట్రోపిన్‌ను ఐదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ ఇస్తారు. ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా, గుండె వేగం 80 దాటిందా, పై బీపీ 80కి మించి నిలిచిందా అని చూడాలి. కంటిపాప ఒక్కదాన్నే నమ్ముకుంటే పొరపాటు. అట్రోపిన్ మోతాదు మించితే జ్వరం, కలవరింతలు వస్తాయి, పేగుల శబ్దం ఆగిపోతుంది. కోలుకుంటున్నాడనుకున్న మనిషి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య దిండు మీంచి తల ఎత్తలేకపోతే, మెడ కండరాలు పట్టు తప్పుతున్నాయని, ఊపిరి కూడా తగ్గిపోవచ్చని అర్థం. శ్వాసనాళంలో ట్యూబు వేయడానికి అన్నీ సిద్ధం చేసుకోవాలి. ఈ మొత్తం వరస చూడాలంటే ఆ మంచాన్ని నాలుగు రోజులు వదలకూడదు. సోమవారం ఉదయం హిస్టరీ రాసుకుని, మంగళవారం క్లాసుకు వెళ్లిపోయిన విద్యార్థికి ఆ తల ఎత్తలేని క్షణం దొరకదు. రాత్రి డ్యూటీ చేసి ఉదయం రౌండ్స్‌లో అదే రోగిని ప్రెజెంట్ చేసే రెసిడెంట్‌కు దొరుకుతుంది. నా లెక్కలో నిర్ణయించాల్సిన విషయం ఇదే. ఐసీయూ పని మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఎన్‌పీసీసీ మేలని చెప్పడానికి కారణమూ ఇదే.

అయితే పాఠం చెప్పడమే మీ కోరిక అయితే ఎం.ఎస్సీ.నే ఎంచుకోండి, అందులో తక్కువదనం ఏమీ లేదు. పాఠం ఎలా చెప్పాలో కూర్చోబెట్టి నేర్పించే కోర్సు అది. కాలేజీ పదోన్నతుల మెట్లు కూడా ఎం.ఎస్సీ.తోనే కట్టి ఉన్నాయి. మూడేళ్లు బోధిస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్, మొత్తం ఎనిమిదేళ్ల అనుభవంలో ఐదేళ్లు బోధన ఉంటే అసోసియేట్. ఇంట్లోవాళ్లు 'లెక్చరర్ అయితే నైట్లు ఉండవు' అని తోసేసినందుకు చేరేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. ట్యూటర్ పోస్టుకు అనుభవం ఉన్న బీఎస్సీని కూడా తీసుకుంటారు కాబట్టి ఊళ్లో కాలేజీ మొదటి జీతంలో పెద్ద తేడా చూపించకపోవచ్చు. చేరేముందే ఆ అంకె అడగండి.

డిసర్టేషన్ గురించి ఒక మాట. 'స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం' అని ప్రీ-టెస్ట్, పోస్ట్-టెస్ట్ పెట్టే అంశం వందలమంది చేసేశారు. వార్డులో కొలవగలిగిన పని తీసుకోండి. ఒత్తిడి పుండ్లు, నోటి శుభ్రత, కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) చోట వాపు లాంటివి. ఆలస్యమంతా ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆసుపత్రి అనుమతి పత్రం, టూల్ వాలిడేషన్ (ప్రశ్నావళిని నిపుణులతో సరిచూపించడం) దగ్గరే జరుగుతుంది. మొదటి ఏడాదిలోనే సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) కదిలించకపోతే రెండో ఏడాది చివర పైలట్ స్టడీ, డేటా కలెక్షన్ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఎన్‌పీసీసీకి లోపాలు లేవని కాదు. పేరులో ప్రాక్టీషనర్ ఉన్నా మన దేశంలో సొంతంగా మందులు రాసే హక్కు లేదు. ఆసుపత్రి ప్రోటోకాల్, డాక్టరు పర్యవేక్షణ పరిధిలోనే పని. జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో ఆ పేరుతో పోస్టు దొరకడం కష్టం. చాలామంది చెన్నై, వేలూరు, హైదరాబాద్, బెంగళూరు వెళ్లాల్సిందే. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ హోదా ఈ పట్టాతో రాదు, అక్కడి కోర్సు, అక్కడి సర్టిఫికేషన్ వేరే చేయాలి.

ఏ కోర్సైనా సీటుకు డబ్బు కట్టకముందు ఆ కాలేజీ పేరెంట్ ఆసుపత్రికి (కాలేజీకి సొంతమైన ఆసుపత్రికి) సాయంత్రం ఆరు గంటలకు వెళ్లండి. ఓపీ రద్దీ చూసి మోసపోవద్దు, వార్డుల్లో ఎన్ని మంచాలు నిండాయో చూడండి. ఐసీయూలో ఎన్ని వెంటిలేటర్లు రోగికి తగిలించి ఉన్నాయి? ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్ లాంటి వాయువులు కొలిచే) మెషీన్ అక్కడే ఉందా, శాంపిల్ బయటకు పంపుతున్నారా? ఇన్‌ఛార్జి సిస్టర్‌ను, పీజీ విద్యార్థులు నైట్‌కు వస్తారా అని అడగండి. రారంటే ఎం.ఎస్సీ. రెండేళ్ల ప్రాక్టికల్ 1600 గంటలు రికార్డులోనే ఉంటాయి. ఎన్‌పీసీసీలో అయితే నైట్లకు ఇచ్చే జీతం ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. కోర్సు మధ్యలో వదిలితే కట్టాల్సిందెంతో, ఒరిజినల్స్ ఎప్పుడు తిరిగిస్తారో కూడా.

పోస్ట్ బేసిక్ డిప్లొమా ఒక ఏడాదిది. డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ లాంటి ఒకే పనిలో స్థిరపడాలంటే చాలు. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ), హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మంచం పక్కన నుంచి దూరం తీసుకెళ్తాయి, అది తెలిసే వెళ్లండి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగమే గురి అయితే, దాని ఎంపిక పరీక్ష నార్సెట్‌కు బీఎస్సీ సరిపోతుంది. లెవెల్ 7, మూలవేతనం 44,900తో మొదలు. దానికోసం రెండేళ్లు పీజీలో పెట్టనక్కర్లేదు. అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌కూ అంతే.

పక్క రాష్ట్రంలో చదివితే, తిరిగొచ్చాక అదనపు అర్హతను ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. వెళ్లేముందే రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు చూసుకోండి. అనుభవ పత్రం మీద చేరిన తేదీ, వదిలిన తేదీ, పనిచేసిన విభాగం, మంచాల సంఖ్య స్పష్టంగా రాయించుకోండి. 'స్టాఫ్ నర్సుగా పనిచేశారు' అన్న ఒక్క వాక్యంతో ఇచ్చిన కాగితం దగ్గర అప్లికేషన్లు ఆగిపోతుంటాయి.