కెనడాలో ఉన్న తెలుగువాళ్లకు హెచ్చరిక: ఆ టీవీ బాక్సు కొనకండి, నోటీసు వస్తే ఎవరికీ డబ్బు కట్టకండి

బ్రాంప్టన్, మిసిసాగా వైపు ఉన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. తెలుగు ఛానళ్లన్నీ వస్తాయి, కొత్త సినిమాలూ వస్తాయి అంటూ వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్న ఆండ్రాయిడ్ బాక్సు మేమూ కొన్నాం. అంతా లీగలే అన్నాడు అమ్మినతను. కొన్నాళ్లకు ఇంటర్నెట్ కంపెనీ నుంచి నా పేరు మీద కాపీరైట్ నోటీసు వచ్చింది. సినిమా ఫైలు పేరు, తేదీ, టైము, మా ఐపీ అడ్రస్ (మా ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు) అన్నీ ఉన్నాయి.

జరిగిందేమిటంటే, ఆ బాక్సులో కొన్ని యాప్‌లు సినిమాను టొరెంట్ ద్వారా తెస్తాయి. మనం చూస్తున్నంతసేపూ అదే సినిమా ముక్కల్ని మన కనెక్షన్ నుంచి ఇతరులకు పంపిస్తుంటాయి. సినిమా హక్కుదారుల తరఫున నిఘా పెట్టేవాళ్లకు మన ఐపీ అక్కడే దొరుకుతుంది. ఈ సంగతి అమ్మేవాళ్లు చచ్చినా చెప్పరు. ఇలాంటి బాక్సులు అమ్మే కొందరి మీద కెనడా ఫెడరల్ కోర్టు 2016లోనే తాత్కాలిక నిషేధం విధించింది.

బాక్సు అమ్మినతనికి నోటీసు స్క్రీన్‌షాట్ పంపి అడిగితే, ఇంకొంచెం కడితే వీపీఎన్ (మన ఐపీ కనిపించకుండా దాచే సర్వీసు) పెట్టి నోటీసు తీయించేస్తానన్నాడు. డబ్బు వాపసు ఇమ్మంటే నంబరు బ్లాక్ చేశాడు. ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్‌లో కట్టించుకున్నాడు, అది వెనక్కి రాదు.

ఆ తర్వాత వచ్చిన మెయిల్ మరీ దారుణం. సెటిల్‌మెంట్ డబ్బు కట్టకపోతే పీఆర్ (కెనడాలో శాశ్వత నివాస హోదా) ఆగిపోతుందట, కింద పేమెంట్ లింకు. ఇంట్లో ఆ రాత్రి ఎంత టెన్షనో చెప్పలేను. కానీ ఆలోచించండి. ఇక్కడ హక్కుదారుకు మన ఐపీ తప్ప పేరు తెలియదు. నోటీసును మనకు చేరవేసేది ఇంటర్నెట్ కంపెనీ. కోర్టు ఉత్తర్వు లేకుండా అది మన వివరాలు వాళ్లకు ఇవ్వదు. మరి నా పేరు, మెయిల్, సినిమా పేరు కలిపి ఎవరి దగ్గరున్నాయి? నేను స్క్రీన్‌షాట్ పంపిన ఆ మనిషి దగ్గర! అందుకే మీ నోటీసు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

2015 నుంచి ఉన్న ఈ నోటీసు పద్ధతికి 2018 డిసెంబరులో సవరణ వచ్చింది. డబ్బు కట్టమని అడగడం, పేమెంట్ లింకు పెట్టడం నోటీసులో ఉండకూడదు. ఉంటే అది చెల్లదు. నోటీసు అంటే కోర్టు కేసు కాదు, క్రిమినల్ రికార్డు అంతకన్నా కాదు. దానికి జవాబిస్తే మన పేరు మనమే అందించినట్టవుతుంది, కాబట్టి జవాబివ్వకుండా భద్రంగా దాచుకోండి. బాక్సు తీసేసి వైఫై పాస్‌వర్డ్ మార్చండి. బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లు అదే వైఫై వాడుతుంటే వాళ్లకూ చెప్పండి.

నిజంగా కోర్టు కాగితాలు చేతికొస్తే మాత్రం అశ్రద్ధ వద్దు. ఫెడరల్ కోర్టు దావాలో జవాబు వేయడానికి 30 రోజులే ఉంటాయి, వెంటనే లాయర్‌ను కలవండి. సొంతానికి చూసుకున్న కేసుల్లో చట్టం నిర్ణయించిన నష్టపరిహారం 100 నుంచి 5,000 డాలర్ల దాకా ఉంటుంది, లక్షల్లో కాదు. కనెక్షన్ మన పేరున ఉన్నంత మాత్రాన నేరం మనదే అనడానికి చాలదని 2023లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కూడా చెప్పింది.

అదే బాక్సు ఇప్పుడు వేరే నంబరుతో, వేరే పేరుతో మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. ఈ-ట్రాన్స్‌ఫర్ తప్ప వేరే పేమెంట్ వద్దంటే, బిల్లు ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి.