ఆప్టిమా పేరుతో చవగ్గా అమ్ముతున్న ఫాంటు ప్యాక్‌లతో జాగ్రత్త

శిలాఫలకాలు, బోర్డులు, పుస్తకాల కవర్లు డిజైన్ చేసేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఆప్టిమా అంటే ఇంగ్లీషు అక్షరాలకు వాడే ఒక ఫాంటు, దాని బోల్డ్, ఇటాలిక్ లాంటి రూపాలన్నీ కలిపి ఫ్యామిలీ అంటారు. "ఆప్టిమా పూర్తి ఫ్యామిలీ, కమర్షియల్ లైసెన్సుతో" అని చెబితే ఒక ఆన్‌లైన్ అమ్మకందారుకి డబ్బు కట్టి ప్యాక్ తీసుకున్నాను. వచ్చింది ఆప్టిమా కాదు. ప్రింటును స్కాన్ చేసి, ఆటో ట్రేస్ కొట్టి (బొమ్మ అంచుల వెంట కంప్యూటర్‌తోనే గీతలు గీయించి), ఆ పేరు తగిలించినట్టున్న ఫైళ్లు.

తేడా ఎక్కడుందో చెప్తాను. ఆప్టిమాలో టైమ్స్‌లో ఉన్నట్టు అక్షరం చివర సెరిఫ్‌లు, అంటే చిన్న అడ్డ గీతలు, ఉండవు, అలాగని ఏరియల్‌లా గీత పైనుంచి కిందిదాకా ఒకే మందంలోనూ ఉండదు. నిలువు గీత నడుము దగ్గర కాస్త సన్నబడి, రెండు చివరలకు వెళ్లేకొద్దీ మెల్లగా విచ్చుకుంటుంది. దాని హుందాతనమంతా ఆ కొద్దిపాటి ఒంపుదే. దీన్ని గీసిన జర్మన్ డిజైనర్ హెర్మన్ జాప్ఫ్‌కు ఈ ఆలోచన 1950లో ఫ్లోరెన్స్‌లోని శాంటా క్రోచే చర్చిలో, నేలమీది పాత సమాధి పలకల అక్షరాలు చూసినప్పుడు వచ్చింది. కాగితం అయిపోతే వెయ్యి లీరాల నోటు మీదే గీసుకున్నారు. ఫాంటు 1958లో బయటికొచ్చింది. రాతి అక్షరాల నుంచి పుట్టింది కాబట్టే రాతి మీద అంత నప్పుతుంది, వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకంలో నల్ల గ్రానైట్ గోడల మీద 58,000కు పైగా పేర్లు చెక్కింది ఈ అక్షరాలతోనే.

నాకొచ్చిన ఫైల్లో ఆ ఒంపు లేదు. క్యాపిటల్ 'ఐ'ని బాగా పెద్దది చేసి చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంది, 'ఎస్', 'ఓ'లలో అక్కర్లేని పాయింట్లు (గీత ఒంపును నిర్ణయించే చుక్కలు) కుప్పలుగా ఉన్నాయి. గ్రానైట్ చెక్కే మెషీన్ మీద నమూనా తీయిస్తే అంచులన్నీ గరుగ్గా వచ్చాయి. లైసెన్సు అని ఇచ్చింది ఒక టెక్స్ట్ ఫైలు, అందులో ఎవరు ఎవరికి ఇస్తున్నారో పేరే లేదు. "తెలుగు కూడా ఉంది" అన్నారు, ఒక్క తెలుగు అక్షరం లేదు, టైప్ చేస్తే కంప్యూటర్లోని వేరే ఫాంటు వచ్చి కూర్చుంటోంది. రిఫండ్ అడిగితే "డౌన్‌లోడ్ అయ్యాక వాపసు లేదు" అన్న ఒకే జవాబు.

ఇటాలిక్ (వాలు అక్షరాలు) చూసి మాత్రం తొందరపడకండి. పాత ఆప్టిమాలో ఇటాలిక్ నిజంగానే నిటారు అక్షరాన్ని పక్కకు వాల్చినట్టుంటుంది, అది నకిలీకి గుర్తు కాదు. జాప్ఫ్, ఫాంట్ల డిజైనర్ అకిరా కొబయాషి కలిసి 2002లో తెచ్చిన కొత్త రూపం ఆప్టిమా నోవాకు ఇటాలిక్ కొత్తగా గీశారు, కాబట్టి "నోవా" అని చెప్పి ఊరికే వాల్చిన అక్షరాలిస్తే అనుమానించాల్సిందే.

డబ్బు కట్టే ముందు క్యాపిటల్ 'ఐ', 'ఎమ్' పెద్ద సైజు బొమ్మ పంపమని అడగండి, చిన్న సైజులో స్క్రీన్ మీద అసలు ఆప్టిమాలో కూడా ఆ ఒంపు సరిగా కనిపించదు. ఆపిల్ మ్యాక్‌లలో ఆప్టిమా ముందే ఉంటుంది, తెలిసినవాళ్ల మ్యాక్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. నేను బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి ప్యాక్ మీకూ వచ్చి ఉంటే కోపంలో ఫైళ్లు డిలీట్ చేయకండి, బిల్లుతో పాటు అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి, బ్యాంకువాళ్లు ముందు అడిగింది అదే.