ఎనిమిదేళ్ళు, రెండు చాకులు: నాకు అక్కరకొచ్చింది కత్తి కాదు, ముళ్ళు తీసే శ్రావణం

ఈ బుల్లి చాకు గురించి ఎవరు రాసినా కత్తితో మొదలుపెడతారు. నేను శ్రావణంతో మొదలుపెడతా. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ, కత్తి, కత్తెర లాంటివన్నీ ఒకే పిడిలోకి మడిచిపెట్టే జేబుచాకు, ఎర్ర పిడిది, బండి తాళాల గుత్తికి వేలాడుతూ ఎనిమిదేళ్ళుగా నా ప్యాంటు జేబులోనే ఉంటోంది. మడిస్తే 58 మిల్లీమీటర్లు. మిగతా కొలతలన్నీ అట్టపెట్టె మీద రాసే ఉంటాయి, వదిలేద్దాం. పిడి చివర బూడిదరంగు ప్లాస్టిక్ తల ఒకటి కనిపిస్తుంది చూడండి, దాన్ని గోటితో లాగితే సన్నటి రేకు శ్రావణం బయటికొస్తుంది. కొన్న కొత్తలో ఆరు నెలలపాటు నేను దాని మొహమే చూడలేదు. ఇప్పుడు ఈ చాకులో ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ ఇచ్చెయ్యమంటే మాత్రం ఆ శ్రావణాన్నే ఉంచుకుంటాను.

నా ఉద్యోగం సంగతి చెబితేగానీ ఇది అర్థం కాదు. పంట రుణాలిచ్చే బ్యాంకులో ఫీల్డాఫీసర్ని. వారానికి నాలుగు రోజులు ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ళలో కంది, మిరప, పొగాకు చేల గట్ల మీదే తిరుగుడు. అక్కడ గట్టు కనిపిస్తే సర్కారు తుమ్మ కనిపించినట్టే. అది మన చెట్టే అనుకుంటారు చాలామంది. కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు దాన్ని. అక్కణ్ణుంచి అది నా చెప్పుల దాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఆ నాటినవాళ్ళకి చాకుల కంపెనీ ఏమైనా వాటా ఇచ్చి ఉంటే న్యాయంగా ఉండేది.

శ్రావణం మొదటిసారి బయటికి వచ్చింది ఒక కౌలు రైతు ఇంటి ముందు. బాకీ సంగతి మాట్లాడదామని వెళ్ళాను. అరుగు మీద ఏడేళ్ళ పిల్లాడు మడమ పట్టుకుని ఊరంతా వినపడేలా ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ చేతిలో పిన్నీసు ఉంది. ఆ పిన్నీసు దగ్గరికి వచ్చిన కొద్దీ వాడి గొంతు లేస్తోంది. నేను తాళాలు తీసి, రేకు లాగి, కింద కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. ముల్లు మొదలు చర్మానికి సరిగ్గా అంచున ఉంది, గోటికి అందదు. ఈ శ్రావణం మూతి ఏటవాలుగా కోసినట్టుంటుంది. దాన్ని మడమకి ఆనించి నొక్కితే ఆ మొదలు దాని మధ్యకి వచ్చింది. దిగిన దారినే మెల్లగా లాగాను. అర అంగుళం ముల్లు, మొన చెక్కుచెదరకుండా వచ్చేసింది. పిల్లాడికి ఏడుపు ఎక్కడ ఆపాలో తెలియక ఇంకో రెండు క్షణాలు ఏడ్చాడు.

వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి, “లోను కట్టమని బ్యాంకోళ్ళు కాళ్ళు పట్టుకోడం ఇన్నాళ్ళకి చూశా సారూ” అన్నాడు. బాకీ ఆ రోజు కట్టలేదనుకోండి. టీ మాత్రం ఇచ్చాడు.

ఆ తర్వాత లెక్క పెట్టుకోలేదు. తుమ్మ ముళ్ళు, పల్లేరు, కట్టె పేళ్ళు, ఒకసారి మా ఆవిడ వేల్లో గాజుపెంకు. తేనెటీగ కొండి ఒక్కదానికే ఇది తగదు. పట్టి నొక్కితే విషం ఇంకా లోపలికి పోతుందంటారు, నేను గోటితో గీరి తీసేస్తాను.

మిగతా వాటి గురించి రెండు మాటలు. కత్తి నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. కొరియర్ డబ్బా టేపులకి, విత్తనాల సంచి కుట్టు విప్పడానికి, జామకాయకి సరిపోతుంది. పచ్చి మామిడికాయ దగ్గర టెంక తగలగానే చేతులెత్తేస్తుంది. కత్తెర మాత్రం నిజంగా మంచిది. ఆకురాయి చివర ఉన్న బుల్లి స్క్రూడ్రైవరుతో రిమోట్ల వెనక మూతలు విప్పాను. పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటుంది, దాని జోలికి పోలేదు. దీనికి తోడు బండి సంచిలో ఒక చిన్న టార్చి, ఒక టెస్టరు ఉంటాయి. ఆ టెస్టరు మిట్టమధ్యాహ్నం మోటారు స్టార్టరు పెట్టె దగ్గర ఎందుకూ కొరగాదు. లోపలి నియాన్ బల్బు వెలిగిందో లేదో ఎండలో కనిపించదు. వెలగలేదనుకుని తీగ పట్టుకుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక చేత్తో నీడ పట్టి, రెండుసార్లు చూస్తేగానీ ఇప్పుడు నేను దాన్ని నమ్మను.

మొదటి చాకు మూడేళ్ళే ఉంది. పోయింది ఒక విమానాశ్రయంలో, తప్పు పూర్తిగా నాదే. ట్రైనింగుకి వెళ్తూ తాళాల గుత్తి ట్రేలో పడేశాను, దానికి ఏం వేలాడుతోందో గుర్తే లేదు. జవాను దాన్ని పైకెత్తి “చాకూ హై” అన్నాడు. ఆయన హిందీలోనూ అది చాకే కాబట్టి వాదించడానికి నాకు మాట కూడా మిగల్లేదు. మన ఆయుధాల చట్టం కింద కత్తి లైసెన్సు లెక్కలోకి రావాలంటే 9 అంగుళాలకు మించి పొడవో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉండాలి. ఇది అందులో ఐదో వంతు లేదు. కానీ విమానంలో చేతిసంచికి ఆ లెక్కలు పనికిరావు, ఎంత చిన్నదైనా కత్తి కత్తే. వెనక్కెళ్ళి చెకిన్ సామానులో వేసుకోమన్నాడు పాపం. నా సూట్‌కేసు అప్పటికే బెల్టు మీద వెళ్ళిపోయింది.

అప్పుడు నాకొక ఆలోచన తోచింది. చాకు ఆయన చేతిలోనే ఉండగా శ్రావణం లాగి, “ఇది తీసుకెళ్ళొచ్చా?” అని అడిగాను. ఆయన దాన్ని తీసుకుని, తన చొక్కా చేతి మీద దారప్పోగు ఒకటి పట్టి లాగి చూశాడు. నవ్వి, ఇచ్చేశాడు. కత్తి చెత్తబుట్టలోకి, శ్రావణం నా పర్సులోకి. ఢిల్లీలో వారం రోజులు ఇంటి తాళాల కన్నా దాన్నే ఎక్కువ జాగ్రత్తగా చూసుకున్నాను.

తిరిగొచ్చాక అదే చాకు ఇంకోటి కొన్నా, అలా రెండు శ్రావణాలయ్యాయి. ఒకటి మా మరదలు కనుబొమలు సవరించుకోడానికి అడిగి తీసుకుంది. అడిగి తీసుకున్నవి తిరిగొచ్చిన దాఖలా మా అత్తగారింట్లో లేదు. రెండోది పని అయ్యాక చాకులో పెట్టకుండా చొక్కా జేబులో వేసుకుని ఏదో మిరపచేలో పోగొట్టుకున్నాను. విడిగా కూడా దొరుకుతాయి, కానీ రెండు సైజులున్నాయని చూసుకోకుండా 91 మిల్లీమీటర్ల చాకులకు పట్టే పెద్దది తెప్పించాను. అది ఈ పిడిలో దూరదు. మళ్ళీ చిన్నది తెప్పించుకోవాల్సొచ్చింది. కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకూ పొగిడాను గదా, కిందటేడు కనిగిరి వైపు జరిగింది కూడా చెప్పాలి. ఈసారి ముల్లు నా మడమలోనే దిగింది, విరిగి మొన లోపలే ఉండిపోయింది. చెట్టు కింద కూర్చుని నా శ్రావణంతో పావుగంట కుస్తీ పట్టాను. పైకి ఏమీ కనిపించనప్పుడు ఆ వెడల్పు మూతికి పట్టు దొరకదు, చర్మాన్ని గిల్లడం తప్ప ఏమీ చెయ్యదు. గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన దూరం నుంచి చూసి చూసి దగ్గరికొచ్చాడు. పంచె కాస్త పక్కకి జరిపి మొలతాడు లాగాడు. దానికి ఒక ఇనుప రింగు, రింగుకి మూడు వస్తువులు: సూది, చెవి గుబిలి తీసే పుల్ల, చూపుడువేలంత నల్లటి ఇనుప శ్రావణం. దాని మొనలు రెండూ కలిస్తే సూదిమొనంత కూడా లేవు.

సూదితో చర్మం పైపొర లేపాడు, శ్రావణంతో పట్టాడు, తీశాడు. నిమిషం పట్టలేదు. పైన నాలుగు చుక్కలు జిల్లేడు పాలు వేశాడు. (నేను సాయంత్రం వెళ్ళి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నా, ఆయనకి చెప్పలేదు.) తర్వాత నా చాకు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “పైకి కనపడే ముల్లుకి పరవాలేదు సారూ. లోన దాక్కున్నదానికి కాదు. ఇది ఆడోళ్ళ కనుబొమలకి బావుంటది” అన్నాడు. మా మరదలి సంగతి ఆయనకెవరు చెప్పారో!

అప్పట్నుంచి నా పర్సులో మందంపాటి కాగితానికి గుచ్చిన కుట్టుసూది ఒకటి చేరింది. అంటే నేను మొదట రాసిన మాటని కొంచెం సవరించుకోవాలి: శ్రావణాన్నే ఉంచుకుంటాను, పక్కన సూది ఉంటే.

కొనమంటారా అంటే, మీ కాళ్ళు ఎక్కడ తిరుగుతాయో చూసుకోండి. చేలల్లో, రాళ్ళల్లో తిరిగేవాళ్ళకి, పిల్లలున్న ఇంటికి నేను ఒకటి ఉంచుకోమంటాను. రోజంతా ఏసీ ఆఫీసులో కూర్చుని నెలకి రెండుసార్లు విమానం ఎక్కేవాళ్ళకి ఇది తలనొప్పే. కత్తి కోసమే అయితే ఇంకాస్త పెద్దది చూసుకోండి. నాలాగా తాళాల గుత్తికి తగిలిస్తే మాత్రం ప్రయాణం ముందురోజు తీసి దేవుడి గూట్లో పెట్టండి. నేను పెడుతున్నది అక్కడే.

ఆ పెద్దాయనకి కత్తెర నచ్చింది. గొర్రెపిల్లల చెవుల దగ్గర వెంట్రుకలు కత్తిరించి చూశాడు. నేను ఆ వైపు వెళ్ళినప్పుడల్లా మొలతాడు మీద చెయ్యేసి, “ఏం సారూ, మార్చుకుందామా?” అంటాడు. నేనింకా ఊఁ అనలేదు.