ఆయిల్ కూలర్ హోస్ పైపులు కారుతుంటే: కట్టించాలా, తెప్పించాలా, తీసేయాలా?

ఒడిశా రాయగడలో మా బావ దగ్గర 1971 నాటి ఎంజీబీ ఉంది. రెండు సీట్లు, మడిచే పైకప్పు, 1798 సీసీ ఇంజను ఉన్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. మొన్న మే నెలలో దాని కింద పరిచిన అట్ట మీద రోజూ పొద్దున్నే రూపాయి బిళ్లంత మరక కనబడేది. పది రోజులు తిరిగేసరికి అది అరచేయంత అయింది. బోనెట్ ఎత్తి తడిమి చూస్తే, ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్‌కి వెళ్లే హోస్ పైపు, దాని చివర నొక్కి బిగించిన ఇనప తొడుగు (ఫెర్రూల్)లోకి దూరే చోట వేలికి చెమ్మ తగిలింది. పైపుని కొద్దిగా వంచితే రబ్బరు నిండా సన్నటి బీటలు.

"ఇంకో ఏడాది లాగుతుందిలే" అన్నాడు బావ.

"లాగదు బావా, ఇది సంగతి వేరు" అన్నాను. ఎందుకలా అన్నానో ముందు చెప్పాలి, ఎందుకంటే ఏది మేలు అన్న లెక్కంతా దీని మీదే ఆధారపడి ఉంది. చాలా కార్లలో రేడియేటర్ పైపు పగిలితే నీళ్లు పోతాయి, బండి వేడెక్కుతుంది, పక్కకి ఆపుకునే టైమ్ ఉంటుంది. ఈ ఆయిల్ పైపు అలా కాదు. ఎంజీబీలో పంపు తోసిన ఆయిలంతా ఇంజన్ వెనక భాగం నుంచి బయటికొచ్చి, ఒక హోస్ గుండా ముందున్న కూలర్‌లోకి వెళ్లి, రెండో హోస్ గుండా ఫిల్టర్‌కి చేరి, ఆ తర్వాతే బేరింగులకి అందుతుంది. వేరే దారి లేదు. హోస్ తెగిందంటే ఇంజన్ అడుగున చాంబర్‌లో ఉన్న నాలుగు లీటర్ల పైచిలుకు ఆయిల్ కాసేపట్లో రోడ్డు మీద ఉంటుంది. డాష్‌బోర్డ్ మీద ప్రెషర్ ముల్లు చూడని డ్రైవర్‌కి ఇంజన్ పట్టేశాకే తెలుస్తుంది.

అందరూ ముందు చెప్పేది క్లిప్పుల పద్ధతి. చివర కోసేసి, పెట్రోలు పైపులకి వాడే రబ్బరు గొట్టం తొడిగి, స్క్రూ క్లిప్పులు బిగించడం. ఒక గ్యారేజీలో మాకూ అలాగే చేసి పంపారు. ఆ వారమే పెళ్లికని సాలూరు మీదుగా కోరాపుట్ బయల్దేరాం. సుంకి ఘాట్ ఎక్కుతుంటే, రెండో గేర్‌లో బండి గట్టిగా గుంజుతున్నప్పుడు, బావ ఉన్నట్టుండి ఇంజన్ ఆఫ్ చేసేశాడు. నాకేమీ వినబడలేదు. ఆయన చూసింది ముల్లుని. అరవై దగ్గరుండాల్సింది ఇరవైకి జారిందట. దిగి చూస్తే మా వెనక రోడ్డు మీద నల్లటి చార, మలుపు దాకా. గొట్టం క్లిప్పులోంచి ఊడి వేలాడుతోంది. అంత త్వరగా ఆపాడు కాబట్టి బేరింగులు బతికాయి. ఆయిల్ ఎక్కే చోట స్క్రూ క్లిప్పు పెట్టడాన్ని నేనిక ఒక మార్గంగా లెక్కలోకే తీసుకోను. చల్లటి ఆయిల్‌తో స్టార్ట్ చేసినప్పుడు ప్రెషర్ ఎక్కువ, వేడెక్కాక రబ్బరు మెత్తబడుతుంది. ఈ రెంటికీ క్లిప్పు తట్టుకోదు.

ఇక నిజంగా తూచి చూడాల్సినవి మూడు.

మొదటిది, ఇంగ్లండ్ నుంచి అసలు నమూనా రబ్బరు హోస్‌లు తెప్పించుకోవడం. కొలతలు తీసే పని లేదు, చివర్లు బండికి సరిగ్గా కూర్చుంటాయి, పాత కార్ల పోటీల్లో చూసేవాళ్లకి కూడా నచ్చుతుంది. నాకు నచ్చనిది ఒక్కటే. రబ్బరు వయసు. పెట్టెలో ఎన్నేళ్లు పడి ఉందో కొనేవాడికి తెలియదు. కొరియర్‌కీ సుంకానికీ అయ్యే డబ్బుతోనే ఇక్కడ రెండు హోస్‌లు కట్టించుకోవచ్చు. పైగా అది వచ్చేదాకా బండి షెడ్డులోనే.

రెండోది స్టీలు అల్లిక హోస్. చూడటానికి అందం, అందులో సందేహం లేదు. కానీ పైన స్టీలున్నవన్నీ ఒకటే అనుకోకండి. లోపల మామూలు రబ్బరే ఉంటే అది రబ్బరు లాగే ముసలిదవుతుంది, బీటలు మాత్రం బయటికి కనబడవు. లోపల టెఫ్లాన్ గొట్టం ఉన్న రకం అసలైన మేలు రకం, 200 డిగ్రీల పైదాకా తట్టుకుంటుంది. దానితో వచ్చే చిక్కు వేరు. ఆ అల్లిక ఆకురాయి లాంటిది. రేడియేటర్ పక్కనున్న రేకు గుండా హోస్ వెళ్లే చోట, వైర్లకి తగిలే చోట, ఇంజన్ అదురుకి కొద్దికొద్దిగా కోసుకుంటూ పోతుంది. ప్రతి తగులు దగ్గరా రబ్బరు తొడుగు వేయగల ఓపిక ఉంటేనే అది పెట్టాలి.

మూడోది మా ఊళ్లోనే ఉంది, కానీ కార్ల వాళ్లెవరికీ తట్టదు. జేసీబీలకి, టిప్పర్లకి హైడ్రాలిక్ హోస్‌లు కట్టే షాపు. మా జిల్లా చుట్టూ గనులు, ఫ్యాక్టరీలు. దామన్‌జోడి వైపు బాక్సైట్, తేరుబలిలో ఫెర్రో క్రోమ్, జేకేపూర్‌లో పేపరు మిల్లు. వాటి మెషిన్ల కోసం ఇలాంటి క్రింపింగ్ (హోస్ చివర్లని నొక్కి బిగించే) షాపులు పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేస్తాయి. పాత హోస్‌లు రెండూ విప్పి సంచిలో పట్టుకెళ్లాం. కుర్రాడు ఒరియా, తెలుగు బాగా మాట్లాడతాడు. నట్టు చేతిలో తిప్పి చూసి "అర అంగుళం బీఎస్‌పీ భాయ్, రోజూ కట్టేదే" అన్నాడు. నా టెన్షన్ సగం అక్కడే పోయింది. నిజానికి బీఎస్‌పీ అనే ఈ ఇంగ్లీషు కొలత మరలు చూసి, ఎన్‌పీటీ అనే అమెరికా కొలతవి అనుకుని బిగించేసేవాళ్లున్నారు. అర అంగుళంలో రెండిటికీ అంగుళానికి 14 మరలే, కోణం మాత్రం బీఎస్‌పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. కొన్ని చుట్లు ఎక్కుతుంది, తర్వాత కూలర్ మరల్ని చెరిపేస్తుంది.

ఈ హోస్ బలం గురించి భయపడక్కర్లేదు. ఒక వరస తీగ అల్లిన అర అంగుళం హోస్ 160 బార్ల ప్రెషర్ దాకా పనికొస్తుంది, మన ఇంజన్ ఇచ్చేది ఐదు బార్లు. చూసుకోవాల్సింది వేడి. మామూలు హైడ్రాలిక్ హోస్‌కి 100 డిగ్రీలే హద్దు. ఎండాకాలంలో ఘాట్ ఎక్కే ఇంజన్‌లో ఆయిల్ ఆ హద్దు దాటగలదు. అందుకే ఎక్కువ వేడి తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి. హోస్ ఒంటి మీద గీతలా అచ్చేసిన అక్షరాలు చదివితే రకం, సైజు, తయారైన ఏడాది అన్నీ ఉంటాయి. మేం చదివాకే కోయమన్నాం.

ఇంకో రెండు సంగతులు షాపులోనే తేల్చుకోవాలి. ఒకటి వంపు. ఆ హోస్‌ని సుమారు ఏడు అంగుళాల వ్యాసార్థం కంటే బిగువుగా వంచకూడదు. ఫిల్టర్ దగ్గర అంత చోటు లేదు. అందుకని ఆ చివర 90 డిగ్రీల ఎల్బో పెట్టించాం. పొడవు కొద్దిగా వదులుగా ఉంచమన్నాం, ఎందుకంటే ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, కూలర్ ఊగదు. రెండోది శుభ్రం. కటింగ్ చక్రంతో కోసినప్పుడు రబ్బరు, ఇనప పొడి లోపలికి పోతుంది. మేం అడిగితే కుర్రాడు కిరసనాయిలు పోసి, గాలి కొట్టి, తీగకి తెల్ల గుడ్డ కట్టి లాగాడు. మొదటిసారి గుడ్డ మసిబట్టలా వచ్చింది. నాలుగోసారికి తెల్లగా వచ్చింది. హోస్‌లు రెండూ ఫిల్టర్‌కి ముందే ఉన్నాయి కాబట్టి ఫిల్టర్ ఆపదా అంటే, ఫిల్టర్ మూసుకున్నా, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా పక్కనుంచి వదిలే వాల్వ్ దానికి ఉంటుంది. అప్పుడు ఆ పొడి నేరుగా బేరింగుల్లోకే.

బిగించేటప్పుడు కూలర్ మెడని ఒక పానాతో పట్టుకుని, రెండో పానాతో నట్టు తిప్పాలి. ఒక్క పానాతో గుంజితే కూలర్ మెడ మెలిపడి చిరుగుతుంది. నట్టు తుప్పు పట్టి కదలకపోతే పోట్లాడొద్దు. ఎలాగూ పారేసే హోస్ కదా, కోసేసి, కూలర్‌ని బయటికి తీసి బెంచీ మీద విప్పుకోండి. రేకు కన్నంలో రబ్బరు గ్రొమెట్ (కన్నం అంచు హోస్‌ని కోయకుండా వేసే రింగు) కొత్తది వేయండి. అంతా అయ్యాక 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి.

నా ఓటు మూడోదానికే. ఘాట్ రోడ్డు మధ్యలో పాడైనా అదే రోజు మళ్లీ కట్టించుకోగలిగేది అదొక్కటే. కోరాపుట్, జయపురం, రాయగడ, పార్వతీపురం, ఎక్కడైనా జేసీబీ నడిచే ఊళ్లో దొరుకుతుంది. ఐదేళ్లకోసారి మార్చేయాలన్న షరతు మీద. హైవే మీద గంటల తరబడి తొక్కి నడిపేవాళ్లు మాత్రం టెఫ్లాన్ లోపలున్నదానికి డబ్బు పెట్టడమే న్యాయం.

కూలర్‌నే తీసేయొచ్చు కదా అని కొందరంటారు. 1960ల మొదట్లో వచ్చిన ఎంజీబీలు కొన్ని కూలర్ లేకుండానే తిరిగాయి, నిజమే. అయితే మా ఎండలకి, మా ఘాట్లకి శాశ్వతంగా తీసేయడానికి నాకు మనసొప్పదు. తీసేసినా హోస్‌ల కన్నాలు రెండూ మూసేస్తే సరిపోదు, ఇంజన్‌కీ ఫిల్టర్‌కీ మధ్య దారి కలపాలి, లేకపోతే బేరింగులకి చుక్క ఆయిల్ అందదు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని అదే షాపులో మూడో హోస్ ఒకటి కట్టించాం, ఇంజన్ నుంచి సూటిగా ఫిల్టర్‌కి సరిపోయేంత పొట్టిది. రెండు చివర్లకీ మూతలు పెట్టి, రెండు పానాలతో, ఐదు లీటర్ల ఆయిల్ డబ్బాతో కలిపి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాడు బావ.