పూర్వీకుల ఊరు వెతకడానికి ఏది మేలు: ఓడల జాబితానా, డీఎన్ఏ పరీక్షా?

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. ఆనాటి నుంచి 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా, డర్బన్ ఉన్న నాటి బ్రిటిష్ వలసరాజ్యమైన నేటాల్‌కు వెళ్లారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో గణనీయంగా ఉన్నారు. వారి మునిమనుమలు, ఆ తరువాతి తరాలవారు ఇప్పుడు తమ ఊరేదో, అక్కడ తమవాళ్లెవరైనా మిగిలారో తెలుసుకోవాలని తపిస్తున్నారు. డీఎన్ఏ కిట్ కొనడమే మొదటి మెట్టు అని చాలామంది అనుకుంటున్నారు. నా అభిప్రాయంలో అది రెండో మెట్టు, మొదటిది ఓడల జాబితా.

నేటాల్ ఓడల జాబితాలో, అంటే ఓడ ఎక్కిన కూలీల పట్టికలో, ఒక్కొక్కరికి ఒక వరుస కేటాయించారు. వలస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, చివరికి ఒంటిమీది మచ్చలు, గాయపు గుర్తులు కూడా అందులో నమోదయ్యాయి. ముత్తాత తండ్రి ముఖం ఎలా ఉండేదో తెలియనివారికి ఆయన చేతిమీద మచ్చ ఎక్కడుందో తెలియడం చిన్న విషయమేమీ కాదు. ఫిజీ వలస పాసులలోనూ దాదాపు ఇవే వివరాలు ఉంటాయి. మారిషస్ దస్తావేజులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి.

ఈ కాగితాలకు లోపాలు లేకపోలేదు. తెలుగు పేరును గుమాస్తా తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఇంటిపేరు చాలాచోట్ల నమోదే కాలేదు. జిల్లాల హద్దులు కూడా మారిపోయాయి. ఉత్తర ఆర్కాటు అని ఉన్నంత మాత్రాన తమిళనాడులోనే వెతికితే దారి తప్పుతాం, ఎందుకంటే అందులోని కొన్ని తాలూకాలు 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరాయి. అలాగే చికాకోల్ అని కనబడితే అది నేటి శ్రీకాకుళమే. అయితే ఇవన్నీ పాత పటాలు ముందు పెట్టుకుని ఓపికగా సరిచూసుకోగలిగిన చిక్కులు.

డీఎన్ఏ పరీక్షలు మూడు రకాలు. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే అందే వై క్రోమోజోమ్ పరీక్ష ఒకటి, తల్లి నుంచి బిడ్డలందరికీ వచ్చే మైటోకాండ్రియా పరీక్ష మరొకటి. ఈ రెండూ వేల ఏళ్ల నాటి శాఖలను చూపగలవు కానీ 1880 నాటి ఊరిని చూపలేవు. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తుంది కనుక వై పరీక్ష సిద్ధాంతరీత్యా ఉపయోగపడాలి. కానీ దత్తత వెళ్లినవారి ఇంటిపేరు మారుతుంది, పైగా పోల్చి చూడటానికి ఊళ్లో ఉన్న దాయాదులు కూడా పరీక్ష చేయించుకుని ఉండాలి.

మూడోది తల్లి వైపు, తండ్రి వైపు పూర్వీకులందరి నుంచి వచ్చిన డీఎన్ఏను చూసే ఆటోసోమల్ పరీక్ష. బంధువులను వెతకడానికి పనికొచ్చేది ఇదే, కష్టమూ దీనితోనే. ఐదు తరాల వెనుక మనకు 32 మంది పూర్వీకులు ఉంటారు. వారిలో ఒక్కొక్కరి నుంచి సగటున మనకు అందేది 3 శాతం మాత్రమే. ఆ కొద్దిపాటి వాటాను పోల్చే సమాచార నిధుల్లో ఐరోపా, అమెరికా మూలాలవారే అధికం, ఆంధ్ర గ్రామాలవారు బహు తక్కువ.

దీనికి తోడు మేనరికాలు, మేనమామ–మేనకోడళ్ల వివాహాలు, కులంలోపలి వివాహాలు తరతరాలుగా సాగడం వల్ల ఒకే పూర్వీకుడి వారసత్వం అనేక దారుల్లో మనకు చేరుతుంది. ఫలితంగా నిజానికి ఎంతో దూరపు చుట్టం కంప్యూటరు లెక్కలో మూడో తరపు దాయాదిలా కనబడతాడు. ఇద్దరిలో సరిపోలే డీఎన్ఏ ముక్కల పొడవును సెంటీమోర్గన్లలో కొలుస్తారు. ఏడెనిమిది సెంటీమోర్గన్ల చిన్న ముక్కలు చాలా కలిసి మొత్తం 60 అయితే దానిని నమ్మరాదు. తెగకుండా 25 సెంటీమోర్గన్లు ఉన్న ఒకే పొడవైన ముక్క కనబడితే దాని వెంట వెళ్లడం మేలు. పరీక్షకు డబ్బు పెట్టదలచుకుంటే ముందుగా ఇంట్లో అందరికన్నా పెద్దవారికి చేయించాలి, ఎందుకంటే వారి తరంలో పూర్వీకుల వాటా మనకన్నా ఎక్కువగా మిగిలి ఉంటుంది. వారికి విషయమంతా వివరించి, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే లాలాజలం తీసుకోవాలి. డీఎన్ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. పాస్‌వర్డును మార్చుకోగలం కానీ డీఎన్ఏను మార్చుకోలేం.

భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు కోసం మూలాలు వెతికేవారికైతే నేను సందేహం లేకుండా కాగితాలే చెబుతాను. తరం తరువాత తరాన్ని కలిపే జనన, వివాహ పత్రాలు, వలస పాసు అక్కడ కావాలి. పరీక్ష నివేదికలో కనబడే దక్షిణాసియా శాతాలు ఆ పనికి చాలవు.

వలస సంఖ్యే పోయినప్పుడు, పెంపకం వల్ల తండ్రి పేరు తెలియనప్పుడు మాత్రం డీఎన్ఏ ముందుకు రావాలి. కాగితం మీద ఊరి పేరు దొరికినా ఒక్కోసారి దాని అవసరం పడుతుంది. కొత్తపల్లి అనే ఊళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. తాలూకా పేరు చెరిగిపోయిన వరుసలో ఆ పేరు కనబడితే, వాటిలో ఒక ఊరికి చెందిన కుటుంబంతో ఒక పొడవైన ముక్క సరిపోలడం ఆ చిక్కు విప్పగలదు.